అన్ని సబ్జెక్టులకూ సమానంగా గంట పెడితే ఇంటర్‌లో మార్కులు వస్తాయా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "దేవరకొండ దగ్గర పల్లె మాది. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ఎంపీసీ సెకండియర్ చదువుతున్నా. బస్సులోనే పోను గంట, రాను గంట పోతుంది. పొద్దున, రాత్రి కలిపితే చదువుకోవడానికి ఐదు గంటలు దొరుకుతాయి. టైంటేబుల్ వేసుకుని ఆరు పేపర్లకూ సమానంగా చదువుతున్నా. అయినా హాఫ్ ఇయర్లీలో 75కి మ్యాథ్స్ టూఏ 41, టూబీ 33, 60కి ఫిజిక్స్ 22, కెమిస్ట్రీ 31 వచ్చాయి. తెలుగులో 100కి 80. ఇంగ్లీష్ థియరీలో 80కి 49. ఫిజిక్స్ చదివినప్పుడు అర్థమవుతుంది, పేపర్ మీదికి రాదు. కార్పొరేట్ కాలేజీలో ఉన్న మా కజిన్ రోజుకు పద్నాలుగు గంటలు చదువుతుందట. నాకు టెన్షన్‌గా ఉంది సర్."

బిడ్డా, సమానంగా పంచడం మానెయ్. ఐదు గంటలు నీకు చాలు. నీ సమస్య గంటలది కాదు. ఆరు పేపర్లనూ ఒకే తీరుగా చదువుతున్నావు. లెక్కల పుస్తకాన్ని తెలుగు పాఠంలా, ఇనార్గానిక్ కెమిస్ట్రీని లెక్కల్లా చదివితే రెండూ నిలబడవు.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఇరవై నాలుగేళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నా, మధ్యలో నాలుగేళ్లు పాలమూరు వైపు పనిచేశా. దాదాపు ఏటా ఇంటర్ జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి పోతా. పిల్లలు ఎట్లా చదువుతారన్నది క్లాసులో కొంతే తెలుస్తుంది. ఎక్కడ పోగొట్టుకుంటారన్నది మాత్రం స్పాట్‌లో కట్టలు విప్పితే తెలుస్తుంది. ఇక్కడ రాసేదంతా అక్కడ నేర్చుకున్నదే.

మాకు నల్లగొండ జిల్లా నాంపల్లి వైపు కొంత బత్తాయి తోట ఉండేది. ఒక ఎండాకాలం మోటరు ఎంతసేపు నడిపినా చివరి వరస చెట్లు వాడిపోతూనే ఉన్నాయి. రోజూ ఇంకో అరగంట ఎక్కువ నడపడమే మా అన్న వైద్యం. మా నాయిన మాత్రం ఒకరోజు డ్రిప్ పైపు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. నడిమిట్ల ఉడత కొరికిన చోట నీళ్లన్నీ కారిపోతున్నాయి. నువ్వు కూడా ముందు పైపు వెంట నడవాలి. హాఫ్ ఇయర్లీ ఆన్సర్ పేపర్లు నీ దగ్గరే ఉంటాయి కదా, ముందు ఫిజిక్స్‌ది తియ్. 22 వచ్చాయన్నది పక్కన పెట్టు, ఏ సెక్షన్‌లో ఎన్ని పోయాయో రాయి. పోయిన ప్రతి మార్కు పక్కన ఒక గుర్తు పెట్టు: తెలియక పోయిందా, తెలిసీ పోయిందా. నా అనుభవంలో నీలాంటి పిల్లలకు తెలిసీ పోయినవే ఎక్కువ ఉంటాయి.

ఫిజిక్స్ పేపర్ తీరు తెలిసే ఉంటుంది. రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదిట్లో ఆరు, ఎనిమిది మార్కులవి మూడిట్లో రెండు. మొత్తం 60. అంటే మూడో వంతు మార్కులు చిన్న ప్రశ్నలవే, పిల్లలు తక్కువ చూసేదీ వాటినే. అందరూ న్యూక్లియర్ రియాక్టర్ బట్టీ పడతారు గానీ, తెలుగు అకాడమీ పుస్తకంలో పాఠం చివర ఉన్న రెండు మార్కుల ప్రశ్నలను వరసగా చేసిన వాళ్లు క్లాసుకు పదిమంది ఉండరు.

ఇక "అర్థమవుతుంది, పేపర్ మీదికి రాదు" అన్న మాట. ఇది నేను వారానికి ఒకసారైనా వింటా. చూస్తూ చదివితే ఎవరికైనా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

వీట్‌స్టన్ బ్రిడ్జి తీసుకుందాం. కిర్కాఫ్ నియమాలు చెప్పి, బ్రిడ్జి బ్యాలెన్స్ అయ్యే షరతు రాబట్టమని అడుగుతారు. స్పాట్‌లో ఈ జవాబులు ఎట్లుంటాయో చెప్తా. బొమ్మ వేస్తారు, నాలుగు రెసిస్టెన్సులు, గాల్వనోమీటర్, బ్యాటరీ అన్నీ ఉంటాయి. కరెంటు ఎటు పోతోందో చూపించే బాణాలు మాత్రం ఉండవు. బాణాలు లేనప్పుడు కింద రాసిన లూప్ సమీకరణంలో ప్లస్ ఎందుకొచ్చింది, మైనస్ ఎందుకొచ్చింది? రాసినవాడికే తెలియదు. మధ్యలో ఒక గుర్తు తారుమారు అవుతుంది, అయినా చివరికి సరైన నిష్పత్తే రాస్తారు, ఎందుకంటే చివరి లైను బట్టీ వచ్చు. దిద్దేవాళ్లం దాన్ని కనిపెట్టకుండా ఉండం. నియమాలకు, బొమ్మకు, రాబట్టిన మెట్లకు విడివిడిగా మార్కులుంటాయి, చివరి లైను ఒక్కదానితో మార్కులు రావు. అదే పైపుల్లో స్థావర తరంగాల ప్రశ్నలో మూసిన చివర నోడ్, తెరిచిన చివర యాంటీనోడ్ పడాలి. ఆ ఒక్కటి సరిగ్గా గీస్తే తెరిచిన పైపులో 1:2:3, మూసిన పైపులో 1:3:5 ఎందుకొస్తాయో బొమ్మే చెప్తుంది. తప్పు గీసినవాడు నిష్పత్తి బట్టీ పట్టినా బొమ్మకూ జవాబుకూ పొంతన ఉండదు.

కాబట్టి ఫిజిక్స్‌లో ముందు బొమ్మ, బొమ్మ మీద గుర్తులు, ఆ తర్వాతే సమీకరణం. రోజుకు ఒక్క డెరివేషన్ చాలు. చదివిన రోజు రాయొద్దు, మర్నాడు పొద్దున పుస్తకం మూసి రాయి. ఆగిపోయిన చోట ఎర్రపెన్నుతో గీత పెట్టి, అప్పుడు తెరిచి చూడు. మూడోసారి రాసినప్పుడు గీతలు ఎన్నో నువ్వే లెక్కపెట్టుకో.

పాలమూరు వైపు ఉన్నప్పుడు ఒక పిల్లవాడు ఉండేవాడు. అమ్మానాన్న పుణెలో బిల్డింగ్ పనికి పోయారు, నానమ్మ దగ్గర ఉండి చదివేవాడు. నోటుబుక్కులు కొనే స్థోమత తక్కువ, ఇంట్లో చిన్నప్పటి పలక ఉంటే దాని మీదే డెరివేషన్లు రాసి తుడిచేవాడు. మంచి ఉపాయం అనుకుని మెచ్చుకున్నా. ప్రీ ఫైనల్‌లో చూస్తే టైం సరిపోలేదు, అక్షరం కోడిగీతలు. పలక మీద రాసే వేగం వేరు, పెన్ను వేగం వేరు. అది ముందే గమనించాల్సింది నేను. తర్వాత ఆఫీసులో పడేసిన ఒకవైపు ఖాళీ కాగితాలు కట్ట కట్టి ఇచ్చేవాణ్ణి. రెండు నెలల్లో దారిన పడ్డాడు. నువ్వూ అట్లాంటి కాగితాలు సంపాదించు, పలక వద్దు.

మ్యాథ్స్ సంగతి వేరు. 75 మార్కులకు 180 నిమిషాలు, అంటే మార్కుకు రెండున్నర నిమిషాలు కూడా లేవు. ఏడు మార్కుల లెక్కకు పదహారు, పదిహేడు నిమిషాలు. హాల్లో ఒక లెక్క దగ్గర అరగంట కూర్చుంటే రెండో లెక్క పోయినట్టే. ఇంట్లో చేసేటప్పుడే గోడ గడియారం ఎదురుగా పెట్టుకో.

టూబీలో 33 ఎందుకొచ్చాయో నీ పేపర్ చూడకుండానే కొంత ఊహించగలను. మా కాలేజీలో లెక్కలు చెప్పే మేడం ఏటా మొత్తుకునే విషయమిది. ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇస్తే ఐదు రాయాలి. ఏటా వస్తున్న తీరు చూస్తే సర్కిల్స్ నుంచి రెండు, పారాబోలా నుంచి ఒకటి, ఇంటిగ్రేషన్ నుంచి రెండు, డెఫినిట్ ఇంటిగ్రల్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నుంచి ఒక్కోటి. పిల్లలు వేసే లెక్క ఏమిటంటే, ఇంటిగ్రేషన్ కష్టం కాబట్టి ఆ రెండూ ఛాయిస్‌లో వదిలేస్తే మిగతా ఐదు సరిపోతాయి. కాగితం మీద బాగుంటుంది. కానీ ఇంటిగ్రేషన్ రానివాడికి డెఫినిట్ ఎట్లా వస్తుంది, డిఫరెన్షియల్ ఈక్వేషన్ ఎట్లా తెగుతుంది? రెండు వదిలేశాననుకుంటాడు, నిజానికి నాలుగు వదిలేశాడు. టూబీకి నువ్వు పెట్టే టైంలో సగం ఇంటిగ్రేషన్‌కే పెట్టు, రోజూ నాలుగు లెక్కలు. సూత్రాల చీటీ బాత్రూం తలుపు మీద అంటించినా తప్పులేదు. మా అమ్మాయి అదే చేసింది, ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వినా తీయలేదు.

సర్కిల్స్‌లో ఒక్క పొరపాటు మాత్రం కళ్లారా వందలసార్లు చూశా. మామూలు సమీకరణంలో ఎక్స్ పక్కన 2జి, వై పక్కన 2ఎఫ్ ఉంటాయి. కేంద్రం మైనస్ జి, మైనస్ ఎఫ్. తొందరలో జి, ఎఫ్ అనే రాసేస్తారు. మూడు బిందువులు ప్రతిక్షేపించి, మూడు సమీకరణాలు సాధించి, అంత కష్టపడీ చివరి మెట్టులో జారిపడతారు. ఇట్లాంటివే తెలిసీ పోయే మార్కులు. నీ తప్పులకు ఒక చిన్న నోటుబుక్ పెట్టు, ఒక్కో తప్పు ఒక్క లైన్. పరీక్ష ముందు రాత్రి చదవాల్సింది అదే.

టూఏలో 41 పరవాలేదు. బైనామియల్ నుంచి రెండు పెద్ద ప్రశ్నలు వస్తుంటాయి, మెజర్స్ ఆఫ్ డిస్పర్షన్‌లో పట్టిక సరిగ్గా గీస్తే ఏడు మార్కులు నీవే. అక్కడ తెలివికంటే కూడికలు, గుణింతాలు తప్పకుండా చేయడమే ముఖ్యం. ప్రాబబిలిటీ భయమైతే దాన్ని ఛాయిస్‌లో వదలొచ్చు, కానీ రాండమ్ వేరియబుల్స్ వదలొద్దు.

కెమిస్ట్రీని ఒక సబ్జెక్టు అనుకోవద్దు, మూడు. ఫిజికల్ మొత్తం లెక్కల్లాంటిదే, చేతితో చేస్తేనే వస్తుంది. రౌల్ట్ నియమం, ఫ్యారడే నియమాలు, ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్ వేగ స్థిరాంకం ఇవన్నీ అట్లనే. ఇనార్గానిక్ మతిమరుపు సబ్జెక్టు. ఆదివారం మూడు గంటలు కూర్చుని పీ బ్లాక్ అంతా మింగేస్తే వచ్చే ఆదివారానికి సగం ఉండదు. దానికి రోజూ ఇరవై నిమిషాలు, పడుకునే ముందు. ఆర్గానిక్ అంటే చుట్టరికం. ప్రైమరీ ఆల్కహాల్ ఆక్సీకరణం చెందితే ఆల్డిహైడ్, అది ఇంకా చెందితే ఆసిడ్. ఎవరు ఎవరికేమవుతారో ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షంలా గీసుకుంటే కన్నిజారో, ఆల్డాల్, కార్బైలమైన్, విలియమ్‌సన్ ఇవన్నీ ఆ కాగితం మీద ఎక్కడ కూర్చుంటాయో కనిపిస్తుంది. విడివిడిగా బట్టీ పడితే పేర్లు గుర్తుంటాయి, సమీకరణాలు కలగలిసిపోతాయి.

ఇంకో విషయం. పరీక్షల వరస చాలా ఏళ్లుగా ఒకటే: సెకండ్ లాంగ్వేజ్, ఇంగ్లీష్, మ్యాథ్స్ ఏ, మ్యాథ్స్ బీ, ఫిజిక్స్, చివర్లో కెమిస్ట్రీ. ఫస్టియర్, సెకండియర్ వాళ్లకు రోజు మార్చి రోజు కాబట్టి మధ్యలో ఒక రోజైనా దొరుకుతుంది. కెమిస్ట్రీ నాటికి పిల్లలు డీలా పడిపోతారు, "చివర్లో చూసుకుందాంలే" అని దాచుకున్న ఇనార్గానిక్ అప్పుడు ఎక్కదు. అందుకే అది జనవరికే అయిపోవాలి.

ఇప్పుడు నువ్వు తేలిగ్గా తీసుకున్న ఇంగ్లీష్. ఫిజిక్స్ థియరీ 60కే, ఇంగ్లీష్ మాత్రం థియరీ, ప్రాక్టికల్ కలిపి 100. ఫిజిక్స్‌లో పది పెంచుకున్నా, ఇంగ్లీష్‌లో పది పెంచుకున్నా టోటల్‌లో పది పదే. ఇంగ్లీష్‌లో ఆ పది సులువుగా వస్తాయి. పాఠాల పేరాగ్రాఫులకంటే గ్రామర్, లెటర్, డైలాగ్ లాంటి ప్రశ్నల్లోనే పిల్లలు పోగొట్టుకుంటారు, ఎందుకంటే వాటిని ఎవరూ ప్రాక్టీస్ చేయరు. వారంలో రెండుసార్లు అరగంట చొప్పున పాత పేపర్లలోని ఆ ప్రశ్నలు రాసి మీ మేడంకి చూపించు. తెలుగులో 80 ఉన్నాయి కాబట్టి ప్రతిపదార్థాలు ఆదివారం ఒకసారి చూసుకుంటే చాలు. పద్యం చదవడం నీకిష్టమైతే విసుగొచ్చినప్పుడు అదే చదువుకో, విశ్రాంతి కూడా అవుతుంది.

ప్రాక్టికల్స్ మాట ఎవరూ నీకు చెప్పి ఉండరు. సెకండియర్‌లో ఫిజిక్స్‌కి 30, కెమిస్ట్రీకి 30. ఈ 60 మార్కులు ల్యాబ్‌లో నిలబడి చేసినవాళ్లకు దాదాపు చేతిలో ఉన్నట్టే. సాల్ట్ అనాలిసిస్ పక్కవాళ్ల రికార్డు చూసి రాస్తే వైవాలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతావు. మీ ల్యాబ్‌లో సామాను తక్కువుంటే లెక్చరర్‌ని అడిగి, ఉన్న వాటితోనే రెండుసార్లు చెయ్.

మీ కజిన్ పద్నాలుగు గంటల సంగతి. ఆ గంటల్లో స్టడీ అవర్ పేరుతో కునికిపాట్లు ఎన్నో, ఎంసెట్ కోచింగ్ ఎంతో మనకు తెలియదు. ఆ అమ్మాయిని పోటీగా పెట్టుకోవద్దు. ఎంసెట్ అంటే ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి, నా నోటికి ఇంకా రాదు. దాంట్లో ఇంటర్ వెయిటేజీ తీసేశారు కాబట్టి "ఇంటర్ పాసైతే చాలు" అనేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. వినొద్దు. ఎన్‌ఐటీ సీటుకు జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో అడుగుతారు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా డిగ్రీలో చేరాలన్నా ఇంటర్ మార్కులే చూస్తారు. పైగా ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో సగం మ్యాథ్స్. ఇప్పుడు ఇంటిగ్రేషన్ చేతితో చేసినవాళ్లకే అక్కడ వేగం ఉంటుంది.

నీ ఐదు గంటలు నేనైతే ఇట్లా పెడతా. పొద్దున గంటన్నర మ్యాథ్స్, దాంట్లో ఒకరోజు టూఏ అయితే రెండు రోజులు టూబీ. బస్సులో ఫ్రీ టికెట్ పుణ్యమా అని నిలబడటానికే చోటుండదు, పుస్తకం తెరవలేవు. కానీ నోరు ఖాళీయే కదా. స్నేహితురాలికి ఫిజిక్స్ రెండు మార్కుల ప్రశ్నలు అప్పజెప్పు, ఆమె నీకు అప్పజెప్తుంది. ఈ టైం ఐదు గంటల్లో కలపలేదు, అది లాభం. సాయంత్రం తిని కూర్చున్నాక ఫిజిక్స్ గంటన్నర, తర్వాత గంట ఫిజికల్ కెమిస్ట్రీ లేదా ఆర్గానిక్, ఇరవై నిమిషాలు ఇనార్గానిక్. మిగిలిన నలభై నిమిషాలు ఒకరోజు ఇంగ్లీష్, ఒకరోజు తప్పుల నోటుబుక్. పదిన్నరకు పడుకో. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒక పాత పేపర్, అచ్చం పరీక్షలా. అమ్మ పిలిచినా లేవొద్దు, ముందే చెప్పి పెట్టు.

రెండు జాగ్రత్తలు. నేను చెప్పిన ప్రశ్నల వరస ఏళ్ల తరబడి చూసిన తీరు, హామీ కాదు. బోర్డు ఈ మధ్య సిలబస్‌లో, పేపర్ పద్ధతిలో మార్పులు చేస్తోంది, మీ ఏడాదికి ఇచ్చిన మోడల్ పేపర్ ముందు పెట్టుకునే ఇదంతా చెయ్. ఒక సంవత్సరం నేను క్లాసులో "ఇంపార్టెంట్" అని గట్టిగా చెప్పిన పెద్ద ప్రశ్న రాలేదు. అదొక్కటే చదివిన పిల్లలు హాలు బయట నా మొహం చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి ఆ మాట క్లాసులో అనడం మానేశా. రెండోది, ఫస్టియర్ పేపర్ ఏదైనా తప్పి ఉంటే ఈ పబ్లిక్ పరీక్షలతో పాటే రాయాలి, అప్పుడు నీకు మధ్యలో రోజులు దొరకవు. అట్లా ఉంటే ఈ టైంటేబుల్ పనికిరాదు, చెప్పు, వేరేగా వేద్దాం.

ఇదే ప్రశ్న అడగాలనుకునే బైపీసీ పిల్లలకు: బొమ్మలే మీకు డెరివేషన్లు. గుండె నిర్మాణం, కాల్విన్ చక్రం రోజూ ఒకటి చూడకుండా గీసి, భాగాలు గుర్తించండి. బొమ్మ గీసి పేర్లు రాయకపోతే గీయనట్టే. సీఈసీ వాళ్ల పేపర్లు నేను దిద్దలేదు కాబట్టి ఒక్క మాటే చెప్తా. ఎకనామిక్స్‌లో పది మార్కులవి మూడు రాస్తే 30 వస్తాయి, మిగతా 70 ఐదు, రెండు మార్కుల ప్రశ్నలవి. పేజీలు నింపడం కంటే రేఖాపటం సరిగ్గా గీసి, అక్షాల పేర్లు రాయడం మేలని మా ఎకనామిక్స్ సర్ అంటుంటాడు.

ఈ ఆదివారం పాత పేపర్ రాయొద్దు, దానికి ఇంకా వారం ఆగొచ్చు. హాఫ్ ఇయర్లీ ఫిజిక్స్ పేపర్ తీసి సెక్షన్ల వారీగా ఎన్ని వచ్చాయో, పోయినవాటిలో తెలిసీ పోయినవి ఎన్నో ఇక్కడే కింద రాయి. ఆ అంకెలు చూశాక ఫిజిక్స్‌కి గంటన్నర చాలా, ఇంకాస్త కావాలా చెప్తా.